ఎడమపక్కకి జరిపిన ఇంజను

పోయిన వారం మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. నాకంటే చిన్నవాడు, బావమరిది వరస. "బావా, జీపు ఎడమపక్కకి ఒరుగుతోంది" అన్నాడు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెప్పేటప్పటి గొంతుతో. రావులపాలెంలో కొత్తగా షెడ్డు తెరిచిన మెకానిక్‌కి చూపించాడట. ఆయన బానెట్ ఎత్తి చూసి, కింద దూరి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, ఇంజను నడిమధ్యలో లేదండీ, ఎడమకి పోయింది, బిగించినవాళ్ళెవరో గానీ కొలత లేకుండా బిగించేశారు, ఛాసీకి మళ్ళీ కోత పెట్టి మధ్యలోకి తేవాలి అన్నాడట. నేనప్పుడు కొట్లో కూర్చుని ఒక పెళ్ళివారికి గంగాళం బేరం చెబుతున్నాను. వాళ్ళు లేచి వెళ్ళిపోతున్నట్టు నటిస్తున్నారు. వెళ్ళరని నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్ళకీ తెలుసు. అంత రుచికరమైన బేరాన్ని మా అబ్బాయికి వదిలేసి ఫోను పట్టుకుని వీధిలోకి వచ్చేశాను. నేను వచ్చేదాకా దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వద్దని చెప్పాను. ఆ ఇంజను ఎడమకి ఎందుకుందో తెలిసినవాళ్ళం ముగ్గురం. ఒకాయన షెడ్డు మూసేసి కూతురి దగ్గరికి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. రెండోవాణ్ణి నేను. మూడో మనిషి మా అత్తయ్య, ఆ జీపుకి యజమానురాలు.

ముందు మా కొట్టు సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే నేను చేసిన పని ఎందుకు చేశానో అర్థం కాదు. మాది రాజమండ్రిలో ఇత్తడి సామాన్ల కొట్టు. తాతగారి నాటిది. మా ఇంట్లో పిల్లలు అక్షరాలకంటే ముందు త్రాసు నేర్చుకుంటారు. బిందెని వేలి కణుపుతో కొట్టి, మోతనిబట్టి మందం చెప్పడం, అతుకు ఎక్కడుందో చూపుతో పట్టడం, మొదట చెప్పిన ధరకి ఏదీ కొనకపోవడం, ఇవి మాకు సంధ్యావందనం లాంటివి. నేను మందుల షాపులో కూడా బేరమాడాను. నా పెళ్ళిలో ఫొటోలు తీసినాయన్ని కొసరుగా ఒక ఫొటో ఎక్కువ తీసి పెట్టమని అడిగాను, ఆయన తీశాడు కూడా, అందులో నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. కొసరు అనేది మా కుటుంబానికి బలహీనత అని ఒప్పుకోను, శాస్త్రం అంటాను. సరుకు ధర ఎంతకు తెగినా, పైన ఒక చిన్న వస్తువు, ఒక గరిటో మూతో, అడిగి తీసుకుంటేనే బేరం పూర్తయినట్టు. లేకపోతే భోజనం చేసి మజ్జిగ తాగకుండా లేచినట్టు ఉంటుంది.

అత్తయ్య మా నాన్నగారికి చెల్లెలు. ఆవిడా ఆ కొట్లోనే పెరిగింది. చిన్నప్పుడు కొట్టు వెనకాల వేలాడే పెద్ద కాటా పళ్ళెంలో కాళ్ళు ముడుచుకు కూర్చుని ఊగేదట. బొద్దుగా ఉండేది కాబట్టి రెండోవైపు రాళ్ళు చాలక తాతగారు బిందెలు పేర్చేవారని మా నాన్నగారు ఆవిడ ముందే చెప్పి ఆటపట్టించేవారు. ఆవిడ ఏ మాత్రం చిన్నబుచ్చుకునేది కాదు. "బరువున్న సరుకుకే కదన్నయ్యా ధర" అనేది. ఆత్రేయపురం దగ్గర గోదావరి గట్టు పక్కన ఒక ఊళ్ళో, అరటిపళ్ళ మండీ ఉన్నవాళ్ళింట్లో ఇచ్చారు. ఆ మండీతోపాటు నది మధ్య లంకలో కొంత నేల ఉంది. మావయ్యకి మండీ ఇష్టం, అత్తయ్యకి లంక ఇష్టం. గోతుల్లో పిలకలు పెట్టించడం, గెలలకి కర్రలు నిలబెట్టించడం, గెల మీద చెయ్యి వేసి ఇంకెన్నాళ్ళకి కోతకొస్తుందో చెప్పడం, ఇవన్నీ ఆవిడ చేతిలోకి వచ్చేశాయి. కొట్లో బిందె మీద వేలితో కొట్టినట్టే కాయ మీద కొట్టి చూసేది. దానివల్ల ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడకి తెలిసేది.

లంకకి వెళ్ళడం అంటే వర్షాకాలంలో పడవ. వేసవిలో మాత్రం మధ్యలో ఉన్న గోదావరి పాయ ఎండిపోయి గట్టుకీ లంకకీ మధ్య ఇసుక మిగులుతుంది. అక్కడక్కడా మోకాలు లోతు నీళ్ళ మడుగులు. ట్రాక్టర్లు వెళ్తాయి, ఎడ్లబళ్ళు వెళ్తాయి, మామూలు కార్లు కూరుకుపోతాయి. మావయ్య ఎప్పుడో మిలటరీ వేలంలో ఒక జీపు పాడుకొచ్చాడు. పెట్రోలు ఇంజను, నాలుగు చక్రాలూ లాగే బండి. ఆయనకి దాన్ని తోలడం కంటే దాని పక్కన నిలబడి మాట్లాడటం ఎక్కువ ఇష్టం. తోలింది అత్తయ్యే. చీర కొంగు నడుముకి దోపి, కుడిపక్క సీటు నిండా కూర్చుని, ఇసుకలోకి దిగేముందు చిన్న గేరు కర్రని అరచేత్తో ఒక్క దెబ్బ వేసి నాలుగు చక్రాలనీ పనిలోకి దింపేది. గట్టు మీద టీ తాగేవాళ్ళు ఆ దెబ్బ చప్పుడు విని అమ్మగారు లంకకి వెళ్తున్నారని చెప్పుకునేవారు.

మావయ్య పోయిన తరవాత కూడా ఆ చప్పుడు ఆగలేదు. ఆగింది ఇంజను పోయినప్పుడు. దానికి విడిభాగాలు దొరకడం మానేశాయి, దొరికినా తాగే పెట్రోలుకి గెలల మీద వచ్చే లాభం చాలడం లేదు. ఆఖరికి ఒక మాఘమాసంలో, ఇంజను బ్లాకే పగిలింది. అప్పటికి అత్తయ్యకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇసుకలో పది అడుగులు వేస్తే కూర్చోవాల్సి వచ్చేది. ఆవిడకి మరిది ఒకాయన ఉండేవాడు. చెడ్డవాడు కాదు, మర్యాదస్థుడు. వచ్చి అరుగు మీద కూర్చుని, లంక నేల నాకు కౌలుకిచ్చెయ్యండి వదినా, మీకెందుకీ శ్రమ, ఏటా కౌలు మీ ఇంటికి తెచ్చి ఇస్తాను అన్నాడు. అందరూ సబబేనన్నారు. మా నాన్నగారూ సబబేనన్నారు. అత్తయ్య మాత్రం కోతలయ్యాక చెబుతానంది. ఆ మాటలోని అర్థం మా కొట్లో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. కొననని చెప్పడం ఇష్టంలేని మనిషి మళ్ళీ వస్తానంటుంది. ఆ సాయంత్రం నన్ను పిలిపించింది.

"ఏరా, నేను కాలు పెట్టని నేల నాదెలా అవుతుంది? కౌలు డబ్బులు ఇంటికొస్తాయి సరే, నేనెక్కడికి వెళ్ళాలి?" అని అడిగింది. "జీపుకి డీజిలు ఇంజను వేయిద్దాం. గెలలు కోతకొచ్చేసరికి బండి ఇసుకలో దిగాలి. దిగితే ఎవరికీ ఇవ్వను. దిగలేదనుకో, ఇచ్చేస్తాను. బేరం నువ్వు చెయ్యి."

ఆ చివరి మాట చాలు నాకు. అప్పటికి నాకు పాతికేళ్ళు దాటలేదు, మనిషిని ఈనెపుల్లలా ఉండేవాణ్ణి, కానీ బేరంలో నన్ను మించినవాడు గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా లేడని గట్టి నమ్మకం. ఇంజను మార్పుకి రవాణా ఆఫీసులో అనుమతి పని అత్తయ్యే ముందుగా చూసుకుంది, ఆ విషయంలో ఎవరినీ నమ్మేది కాదు. నేను పాత ఇనుము కొట్ల వెంట తిరిగాను. ఒకచోట బోల్తాపడిన వ్యాను ఒకటి ముక్కలు చేసి అమ్ముతున్నారు. డీజిలు ఇంజను, దెబ్బ తగలనిది. నేను అలవాటుకొద్దీ దాని చుట్టూ తిరిగి వేలి కణుపుతో అక్కడక్కడా కొట్టి చూశాను. కొట్టువాడు నన్ను చాలాసేపు చూసి, లోపల ఏమన్నా పాలు పోసి ఉన్నాయనుకుంటున్నారా అండీ అన్నాడు. ఇద్దరం మధ్యాహ్నం దాకా బేరమాడాం. మధ్యలో నేను రెండుసార్లు వెళ్ళిపోయాను, ఒకసారి ఆయన వెళ్ళిపోయాడు, అది ఆయన సొంత కొట్టయినా సరే. చివరికి ధర తెగింది. అప్పుడు నేను కొసరడిగాను.

ఆయన నివ్వెరపోయాడు. ఇంజనుకి కొసరేంటండీ అన్నాడు. నేను చుట్టూ చూశాను. ఆ వ్యాను ఛాసీ ముందు భాగం ముక్క ఒకటి పక్కన పడుంది. ఇంజను కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం, దాన్ని క్రాస్ మెంబరు అంటారు, దానికి రెండు పక్కలా ఇంజను కాళ్ళు కూర్చునే ఫౌండేషన్లు, చక్కగా సమానంగా, రెండు చేతులూ చాచి అడిగినట్టు ఉన్నాయి. అది ఇచ్చెయ్యండి అన్నాను. ఆయన ఇచ్చేశాడు. బహుశా నేను వెళ్ళిపోతే చాలనుకుని ఉంటాడు. నేను మాత్రం ఆ ముక్కని ఇంజనుకంటే ఎక్కువ ప్రేమగా మినీ వ్యానులో ఎక్కించుకొచ్చాను.

మెకానిక్ షెడ్డు ఆటోనగర్లో. ఆయన గొప్పలు చెప్పేవాడు. జీపులు, పడవలు, మిల్లులు, అన్నిటికీ ఇంజన్లు వేశాననీ, తను వేసిన ఇంజను ఆగితే అది డ్రైవరు తప్పేననీ అనేవాడు. మనిషి మాటకారి. మంచి పని చేసేవాడు కూడా, కానీ మాటకీ పనికీ మధ్య చాలా పూతరేకులు తినేవాడు. ఆ సంగతి పసిగట్టి నేను వెళ్ళినప్పుడల్లా ఆత్రేయపురం పొట్లం ఒకటి పట్టుకెళ్ళేవాణ్ణి, మజూరీ బేరం అందులో సగం తీపిగా తెగింది. ఆయన పాత ఇంజను దింపి, ఛాసీని కడిగించి, కొత్త ఇంజనుని చైన్ పుల్లీకి వేలాడదీసి, ఎత్తుతూ దించుతూ చూశాడు. పెట్రోలు ఇంజను పొట్టి, ఇది పొడుగు. రేడియేటరుని ముందుకి జరపాలి. పాత క్రాస్ మెంబరు అడ్డం వస్తుంది, కోసెయ్యాలి. పాత ఫౌండేషన్లు పనికిరావు. అన్నిటికంటే పెద్ద చిక్కు కింద ఉంది. నాలుగు చక్రాలూ లాగే బండికి ముందు ఇరుసులో కూడా ఒక ఇనుప గుండు ఉంటుంది, పళ్ళ చక్రాలు తిరిగేది అందులోనే. సరిగ్గా దాని మీదకి ఈ ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి, ఆయిల్ చాంబరు, వేలాడుతోంది. పైన బిందె, కింద బండరాయి.

"ఫోర్ వీల్ తీసేద్దాం షావుకారు గారూ. ముందు గుండు లేకపోతే గొడవే లేదు" అన్నాడు మెకానిక్. ఫోర్ వీల్ లేకపోతే ఇసుకలో దిగదు, దిగకపోతే ఈ ఇంజనే అక్కర్లేదు అన్నాను. అయితే ఎత్తుగా బిగిద్దాం అన్నాడు. అక్కడ నేను నా కొసరుని ముందుకి తెచ్చాను. ఈ ఇంజనుకి దాని సొంత ఫౌండేషనే ఉండగా కొత్తది ఎందుకు కొట్టించడం, దీన్నే ఛాసీకి అడ్డంగా వేసి, కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేస్తే సరిపోతుంది కదా అన్నాను. రెండు ఫౌండేషన్లూ సమానంగా ఉన్నాయి కాబట్టి ఇంజను నడిమధ్యలో నిలబడుతుంది. మధ్యలో నిలబడటం ఎంత ముఖ్యమో ఆయనకి ఒక ఉపన్యాసం ఇచ్చాను. త్రాసు ముల్లు గురించి చెప్పాను. ఒక పళ్ళెంలో బరువు ఎక్కువైతే ఏమవుతుందో చేత్తో చూపించాను. ఆయన పూతరేకు తింటూ విన్నాడు. నోట్లో అది ఉండగా ఎవరూ కాదనలేరు.

అలాగే బిగించారు. నేల చదునుగా ఉన్న షెడ్డులో, గుండుకీ ఆయిల్ చాంబరుకీ మధ్య నా వేలు దూరింది. ఆ వేలిని బయటికి తీసి నలుగురికీ చూపించాను. మెకానిక్ తన వేలు కూడా పెట్టి చూపించాడు. ఆయనది లావు వేలు, అయినా దూరింది. ఇద్దరం పెళ్ళిలో వియ్యంకుల్లా నవ్వుకున్నాం. ఇసుకలో దిగినప్పుడు జీపు ముందు కాళ్ళు వంచుతుందనీ, బండి బరువు మోసే కమాన్ పట్టీలు నొక్కుకుని ఇరుసు పైకి లేస్తుందనీ మా ఇద్దరికీ తెలియక కాదు. ఆ వేలు అంత బాగా దూరేసరికి మరిచిపోయాం.

గెలలు కోతకి సిద్ధమైన వారంలో గట్టు దగ్గరికి తీసుకెళ్ళాం. అత్తయ్య ఎక్కింది, జీపు కుడిపక్కకి ఒక్కసారి వంగి ఆవిడకి నమస్కారం పెట్టింది. నేను పక్కన కూర్చున్నాను. చిన్న గేరు కర్ర మీద చేతి దెబ్బ పడింది. టీ కొట్టు దగ్గర మాటలాగాయి. గట్టు దిగి ఇసుకలోకి వచ్చాం. ఇంజను హాయిగా గొంతు విప్పి పాడుతోంది. పాయ మధ్యలో నీటి మడుగు ఒడ్డున చిన్న గుంటలో ముందు చక్రాలు పడ్డాయి. కింద ఎవరో గంట కొట్టినట్టు ఒక మోత వినపడింది. ఇత్తడి కొట్లో పెరిగినవాణ్ణి, మోతనిబట్టి సరుకు చెప్పగలను. అది పగిలిన మోత. వెనక్కి చూస్తే ఇసుక మీద నల్లటి గీత, ఆ గుంట దగ్గర్నుంచి మా దాకా. ఆయిలు.

తాడు కట్టి గట్టు మీదకి లాగింది ఆ మరిదిగారి ట్రాక్టరే. ఆయన ఒక్క మాట ఎత్తిపొడవలేదు, అదే ఎక్కువ బాధ. జీపు గట్టెక్కిన తరవాత తాడు విప్పుతూ, నిదానంగా, "గెలలు నా ట్రాక్టరు మీద తెప్పిస్తాలెండి వదినా, మీరు కంగారుపడకండి" అన్నాడు. అత్తయ్య ఆయన వంక చూడలేదు. చీర అంచుకి అంటిన ఆయిలు చూసుకుంటూ, ముందు పండినవి నీ ట్రాక్టరు మీదే తెప్పించు, మిగతావి ఇంకో వారం ఆగుతాయి అంది. నాకు ఆ వారం అన్న మాట వినపడింది. ఆవిడ గడువు పెట్టింది తనకి, కానీ అది నా నెత్తి మీద పెట్టినట్టే ఉంది.

మర్నాడు ఆవిడే షెడ్డుకి వచ్చింది. మోకాళ్ళతో కింద దూరలేదు కాబట్టి జీపునే పైకి ఎత్తించమంది. ముందుభాగాన్ని చైన్ పుల్లీతో ఎత్తించి, కుర్చీ వేయించుకుని, బీరువా లోపల వెతుకుతున్నట్టు కింద భాగాన్ని అంతా చూసింది. నేనూ మెకానిక్కూ తప్పు ఎదుటివాడిదని నిరూపించడానికి తగిన మాటలు వెతుక్కుంటున్నాం.

"ఈ గుండు ఇరుసుకి మధ్యలో లేదు కదా" అంది చివరికి. "కుడిపక్కకి ఉంది. ఎడమపక్క అంతా ఖాళీయే. ఇంజనుని అటు జరిపితే ఏం?"

మెకానిక్ సీలింగు వంక చూసి, "జరపొచ్చండి. నాకూ అలాగే అనిపించిందండి. షావుకారు గారు మధ్యలోనే ఉండాలన్నారు" అన్నాడు. ఆయనకి నిజంగా అనిపించిందో లేదో ఆయన కూతురు కూడా చెప్పగలదనుకోను.

నేను వదలలేదు. బేరంలో ఓడిపోయేవాడు కూడా చివరిమాట తనదే కావాలనుకుంటాడు. త్రాసు మళ్ళీ తీశాను. ఇంత బరువు ఎడమకి జరిపితే బండి ఎడమకి ఒరుగుతుంది అత్తయ్యా, మడుగు పక్కన వాలు మీద వెళ్ళేటప్పుడు పక్కకి పడిపోతాం, మన కొట్లో పుట్టిన నీకు నేను చెప్పాలా అన్నాను. కొసరు ముక్కని చూపిస్తూ, దేవుడిచ్చినట్టు సమానంగా ఉన్న ఫౌండేషన్లు, వాటిని కోసి ఒకటి పొట్టి ఒకటి పొడుగు చేస్తామా అని కూడా అన్నాను. నా కొసరు అది.

అత్తయ్య నన్ను జాలిగా చూసింది. "ఒరే, త్రాసుకి రెండు పళ్ళేలుంటాయి కదా. ఎడమ పళ్ళెంలో ఇంజను పెడుతున్నావు. కుడి పళ్ళెంలో ఎవరు కూర్చుంటారు?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మెకానిక్‌కి ముందే అర్థమై, నవ్వు రాకుండా స్పానరు కోసం వంగాడు.

"నేను కూర్చుంటాను. బరువు చాలదంటావా? మీ తాతగారికి రాళ్ళు చాలలేదురా, బిందెలు పెట్టారు" అంది అత్తయ్య. తరవాత నన్ను ఎగాదిగా చూసి, "నిన్ను లెక్కలోకి తీసుకోవడం లేదులే. నీ బరువుకి నువ్వెక్కావో దిగావో జీపుకి కూడా తెలియదు" అంది.

పగిలిన ఆయిల్ చాంబరుకి అతుకు వేసి, ఇనుము కోత మొదలుపెట్టారు. నా కొసరుని రెండు ముక్కలు చేశారు. గ్యాస్ మంట దాని మీద పడ్డప్పుడు నేను బయటికెళ్ళి టీ తాగాను. ఎడమ ఫౌండేషన్ పొట్టిది చేసి ఛాసీకి దగ్గరగా అతికారు. కుడిది పొడుగుచేసి, కింద రెండు పట్టీలు ఆనుగా వెల్డింగు చేశారు. అడ్డదూలాన్ని మధ్యలో కోసి, ఉయ్యాలలా కిందకి వంచిన ముక్క పెట్టి కలిపారు, ఇరుసు పైకి లేచినా తగలకుండా. ఇంజను పక్కకి వెళ్ళింది కాబట్టి వెనక గేరుబాక్సు ఆనే దూలం కూడా జరిగింది, షాఫ్టులు ఒకటి తగ్గించి ఒకటి పెంచారు. స్టీరింగు వైపు ఖాళీ వచ్చిందని మెకానిక్ మురిసిపోయి, అది మొదటినుంచీ తన ఆలోచనే అన్నట్టు పక్క షెడ్డువాళ్ళని పిలిచి చూపించాడు. ఈసారి నా వేలుతో కొలవనివ్వలేదు అత్తయ్య. వేలు పక్కన పెట్టరా అంది. ముందు బంపరు మీద నలుగురు మనుషుల్ని ఎక్కించి గెంతించి, పట్టీలు నొక్కుకున్నప్పుడు కింద ఎంత సందు ఉంటుందో అది చూడమంది. నలుగురూ ఎక్కి గెంతారు. సందు ఉంది. నేను అయిదోవాడిగా ఎక్కబోతే దిగమన్నారు, నావల్ల ప్రయోజనం లేదని.

ఆ వారంలోనే మళ్ళీ గట్టు దిగాం. నేను జీపులో కూర్చోలేదు, గట్టు మీద నిలబడ్డాను, నా పక్కన మరిదిగారు. జీపు నిటారుగా వెళ్ళింది. నేను ఒక కన్ను మూసి వెనకనుంచి చూశాను, త్రాసు ముల్లు మధ్యలోనే ఉంది. మడుగు ఒడ్డున ఆ గుంట దగ్గర ఒక్క క్షణం ఆగింది. ముందు చక్రాలు దిగాయి. మోత రాలేదు. నాలుగు చక్రాలూ ఇసుకని పిసుకుతూ బండి అవతలికి లేచింది, లంక మీది అరటి ఆకుల్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం గెలలతో తిరిగొచ్చింది, అత్తయ్య ముఖం మీద ఎండా ఇసుకా మెరుస్తున్నాయి. మరిదిగారు ఆవిడ దిగడానికి చెయ్యి అందించాడు. కౌలు మాట ఎత్తలేదు. ఆయన అడిగింది ఇంకోటి. "మా గెలలు కూడా కొన్ని ఉన్నాయి వదినా, రేపు ట్రాక్టరు కుదిరేలా లేదు, బండి పంపుతారా" అన్నాడు.

"పంపుతాను. కిరాయి మాట్లాడుకోవాలి" అని నా వంక చూసింది అత్తయ్య. ఆ రోజు నేను ఆడిన బేరం ఇప్పటికీ తల్చుకుంటే నోరూరుతుంది. కొసరుగా ఒక గెల కూడా తీసుకున్నాం.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ జీపు అలాగే నడిచింది. అత్తయ్య లంక ఎవరికీ ఇవ్వలేదు. అప్పట్లో హాస్టల్లో ఉండి చదువుకునే బావమరిది పెద్దవాడై తోలడం నేర్చుకున్నాక కూడా, తొలి కోతకి మాత్రం ఆవిడే కూర్చునేది. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడింది. షుగరు వచ్చి మనిషి బాగా తగ్గింది. తోలడం మానేసింది. బావమరిది మా మావయ్య పోలిక, ఎండిన తాటాకులా ఉంటాడు.

ఈ ఆదివారం వెళ్ళాను. జీపుని ఇంటి ముందు నిలబెట్టారు, కొత్త మెకానిక్ ఆయన కూడా టేపు పట్టుకుని వచ్చాడు. ఆయన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు, బండి నిజంగానే ఎడమకి ఒరిగి ఉంది, ఎవరో చెవిలో చెప్పేది వింటున్నట్టు. అత్తయ్యని అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్నగా, చీరలోనే ఎక్కడో ఉన్నట్టుంది. నేను కథ మొదలుపెడదామనుకుంటున్నాను. ఆవిడ ఆపింది.

"మెకానిక్ గారూ, కోతలేమీ వద్దండి. ముందు వీణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి చూడండి" అంది.

నా బరువు గురించి ఇంట్లో మా ఆవిడా, కొట్లో మా అబ్బాయీ, ఆస్పత్రిలో డాక్టరుగారూ ఇదివరకే చాలా మాట్లాడారు, ఇక్కడ మళ్ళీ రాయను. స్టీరింగుకీ నాకూ మధ్య వేలు దూరదు, అంతే చెబుతాను. కుడి కాలు పెట్టి ఎక్కాను. కమాన్ పట్టీలు నిట్టూర్చాయి. జీపు మెల్లగా, చాలా మర్యాదగా, లేచి నిలబడింది. కొత్త మెకానిక్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, ఒక కన్ను మూసి, రెండు మడ్‌గార్డులూ చూశాడు. టేపు పెట్టి చూశాడు. "సరిపోయిందండీ" అన్నాడు, నమ్మలేనట్టు. టేపు చుడుతూ, "ఈయన రోజూ వస్తారాండీ?" అని అడిగాడు.

అత్తయ్య నవ్వింది. ఎడమ కమాన్‌కి ఇంకో పట్టీ వేసి గట్టిపరచమనీ, లంక నుంచి వచ్చేటప్పుడు గెలలు కుడిపక్క ముందు కట్టమనీ ఆయనకి చెప్పింది. కొడుకుని ఒకటే అడిగింది, ఈసారి తొలి కోతకి తనని కూడా బండిలో తీసుకెళ్ళాలని. పక్క సీట్లో కూర్చుంటానంది. "తోలేది మీ బావ. నేనిప్పుడు ఎక్కానో దిగానో జీపుకి తెలియదులే" అంది.

నేను దిగకుండా అక్కడే కూర్చున్నాను. దిగితే మళ్ళీ ఒరుగుతుంది. చిన్న గేరు కర్ర మీద ఆవిడ అరచేయి పడీ పడీ నున్నగా అరిగిన చోట నా చెయ్యి పెట్టుకుని, కాలం ఎంత నికార్సయిన త్రాసు పట్టిందో అనుకున్నాను. ఆవిడ ఒంట్లోంచి తీసినది ఏదీ కింద పడనివ్వకుండా, ఇన్నేళ్ళుగా కొంచెం కొంచెం నా వైపు పళ్ళెంలో వేస్తూ వచ్చింది. నేనే, అది కొసరనుకుని, సంతోషంగా తీసుకుంటూ వచ్చాను.